కళ్లజోడు పోతుంది, హ్రస్వదృష్టి పోదు

ఒకే కన్ను, ఒకే శస్త్రచికిత్స. దానిపై మన దేశంలో మూడు వ్యవస్థలు మూడు రకాల తీర్పులు చెబుతున్నాయి. రైలింజను నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవారు అనర్హులని రైల్వే నియామక బోర్డుల ప్రకటనలు స్పష్టంగా పేర్కొంటున్నాయి. సైన్యంలో అధికారిగా చేరదలచిన అభ్యర్థికి అదే చికిత్స కొన్ని షరతులకు లోబడి సమ్మతమే. ఇక బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల ప్రకారం, దృష్టిదోషం 7.5 డయాప్టర్ల లోపు ఉన్నవారి చికిత్సకు ఆరోగ్య బీమా కంపెనీలు పైసా చెల్లించనవసరం లేదు.

ఈ మూడు నిబంధనలకూ వేర్వేరు కారణాలు ఉన్నమాట నిజమే. అయితే ఇరవై ఏళ్ల యువకుడు వీటిని విడివిడిగా చదవడు. ఉద్యోగానికి కళ్లజోడు అడ్డమని ఎవరో చెబుతారు. పదిహేను నిమిషాల్లో అద్దాలు మాయమని ఏదో ప్రకటన చెబుతుంది. తండ్రి అప్పు తెస్తాడు. ఆపైన నోటిఫికేషన్ చివరి పేజీల్లోని వైద్య ప్రమాణాలు కంటబడతాయి. 2024లో రైల్వేలు తొలుత 5,696 లోకో పైలట్ పోస్టులకు ప్రకటన ఇచ్చి, తర్వాత ఆ సంఖ్యను 18,799కి పెంచాయి. 2025లో మరో 9,970 పోస్టులు ప్రకటించాయి. ఐటిఐ, డిప్లొమా చదువులు ముగించుకుని ఏళ్ల తరబడి కోచింగ్ కేంద్రాల చుట్టూ తిరిగే యువతకు ఇవి చిన్న సంఖ్యలు కావు. ఈ ఉద్యోగానికి కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 దూరదృష్టి ఉండాలి. అంటే కొద్దిపాటి సైటు ఉన్న అభ్యర్థికి అద్దాలతో ప్రవేశం లేదు, లేజర్‌తోనూ లేదు. ఆ సంగతి చికిత్సకు ముందే తెలిస్తే మరో ఉద్యోగం చూసుకుంటాడు. తర్వాత తెలిస్తే, డబ్బుతో పాటు అవకాశమూ పోయినట్లే.

కంటి మీద కత్తి నుంచి కాంతి దాకా

లేజర్ చికిత్స పుట్టుకలో భారతీయుడి పాత్ర ఉన్నదన్న విషయం ఇక్కడ చాలా మందికి తెలియదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికాకు వెళ్లిన రసాయన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబిఎం పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. అక్కడ జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి అతినీలలోహిత కాంతిని వెలువరించే ఎక్సైమర్ లేజర్‌పై ప్రయోగాలు సాగించారు. 1981 నవంబరు 27న, ముందురోజు పండుగ విందులో మిగిలిపోయిన టర్కీ కోడి ముక్కను ఆయన ప్రయోగశాలకు తెచ్చి దానిపై ఆ కాంతిని ప్రసరింపజేశారు. చుట్టుపక్కల కణజాలం మాడకుండా, పదును పెట్టిన ఉలితో చెక్కినట్లు గాడి పడింది. వేడితో కాల్చకుండా, అణువుల మధ్య బంధాలనే తెంచి పదార్థాన్ని తొలగించే ఈ గుణమే తర్వాతి కథకంతటికీ మూలం. కొలంబియా విశ్వవిద్యాలయ నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ దీన్ని కంటికి అన్వయించవచ్చునని గ్రహించగా, శ్రీనివాసన్‌తో కలిసి రాసిన పత్రం 1983లో వెలువడింది. ఐబిఎం శాస్త్రవేత్తలు ముగ్గురినీ అమెరికా ప్రభుత్వం 2011 సంవత్సరపు జాతీయ సాంకేతిక పతకంతో సత్కరించింది.

కంటి ముందుభాగాన నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కంటికున్న మొత్తం కేంద్రీకరణ శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు దీనిదే. దీని వంపును కొద్దిగా మార్చగలిగితే కళ్లజోడు చేసే పనిని కన్నే చేసుకుంటుంది. ఈ ఆలోచన లేజర్ కన్నా పాతది. జపాన్‌లో సాటో అనే వైద్యుడు 1930ల చివర కార్నియాపై గాట్లు పెట్టి వంపు మార్చే ప్రయత్నం చేశారు. కార్నియాను తేటగా ఉంచే లోపలి కణాల ప్రాధాన్యం అప్పటికి తెలియదు. ఆ గాట్లు వాటిని దెబ్బతీయడంతో ఏళ్లు గడిచాక ఎందరో రోగుల చూపు మసకబారింది. కొలంబియా దేశంలో జోస్ బరాకెర్ కార్నియా పొరను కోసి, మలచి, తిరిగి అతికించే పద్ధతిని రూపొందించారు. 1970లలో మాస్కోలో స్వ్యాతోస్లావ్ ఫ్యోదరోవ్ చక్రపు ఆకుల్లా గాట్లు పెట్టే రేడియల్ కెరటాటమీని ప్రచారంలోకి తెచ్చారు. ఆ చికిత్స పొందినవారిని అమెరికాలో పదేళ్లపాటు పరిశీలించిన అధ్యయనం 1994లో వెలువడింది. 43 శాతం కళ్లు ఒక డయాప్టర్ లేదా అంతకు మించి దీర్ఘదృష్టి వైపు జారిపోయాయని అందులో తేలింది. సైనిక నియామకాల్లో రేడియల్ కెరటాటమీ చేయించుకున్నవారిని ఇప్పటికీ తిరస్కరించడానికి కారణం ఈ చరిత్రే. చికిత్స జరిగిన మరునాటి చూపును బట్టి దాని మంచిచెడ్డలు తేల్చరాదన్న పాఠాన్ని ఈ రంగం రెండుసార్లు, రోగుల ఖర్చుతో, నేర్చుకోవలసి వచ్చింది.

ఎక్సైమర్ లేజర్ రాకతో కత్తి గాట్ల యుగం ముగిసింది. చూపున్న కంటిపై తొలి పిఆర్‌కె చికిత్సను మార్గరైట్ మెక్‌డొనాల్డ్ 1988లో అమెరికాలో నిర్వహించారు. కార్నియా పైచర్మాన్ని గీకివేసి, దాని కింద లేజర్‌తో మలచడం ఇందులోని విధానం. మూడు నాలుగు రోజులు నొప్పి, చూపు నిలకడగా కుదురుకోవడానికి వారాల ఎదురుచూపు ఇందులో తప్పవు. గ్రీసుకు చెందిన పల్లికారిస్ తదితరులు బరాకెర్ పొరను, ఎక్సైమర్ కాంతిని జోడించగా లాసిక్ ఆవిర్భవించింది. పలుచని పొరను పుస్తకం అట్టలా తెరిచి, లోపల లేజర్‌తో చెక్కి, మళ్లీ మూసివేస్తారు. నొప్పి స్వల్పం, మరునాటికే చూపు స్పష్టం. వ్యాపారానికి కావలసింది కూడా అదే. 1990ల దశకంలో ఈ యంత్రాలు మన నగరాల్లోని ప్రైవేటు కంటి ఆసుపత్రులకు చేరాయి.

ఆ పొరను బ్లేడుకు బదులు మరో లేజర్‌తో కోయడం 2000 తర్వాత ఆరంభమైంది. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. అంతటి స్వల్ప వ్యవధిలో శక్తిమంతమైన కాంతిని సృష్టించే మార్గాన్ని కనుగొన్నందుకు జెరార్డ్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది. ఈ లేజర్‌తోనే సాధ్యమైన సరికొత్త పద్ధతి స్మైల్. ఇందులో పొర తెరవడం ఉండదు. కార్నియా లోపలే చిన్న కటకం ఆకారంలో కణజాలాన్ని వేరుచేసి, కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం గుండా బయటకు లాగివేస్తారు. జర్మనీలో రూపొందిన ఈ పద్ధతిపై తొలి ఫలితాలను ప్రకటించిన వైద్యుల్లో వడోదరకు చెందిన రూపల్ షా బృందం ఒకటి. వారి పత్రం 2011లో వెలువడింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్మైల్‌ను ఆమోదించింది 2016లో. భారతీయ రోగులు అమెరికన్ల కన్నా ముందే ఈ చికిత్స పొందారన్నది గర్వకారణమే కావచ్చు. కొత్త పరికరాలు ముందుగా ఎవరి కళ్లపై పరీక్షకు నిలుస్తున్నాయన్న ప్రశ్న కూడా దాని వెంటే వస్తుంది.

మైక్రాన్ల లెక్క

ప్రకటనల్లో కనిపించని లెక్క ఒకటి ఉంది. నేత్రవైద్యుడు చికిత్సకు ముందు వేసుకునే ఈ లెక్కను రోగి కూడా వేసుకోవచ్చు. కార్నియా మందం సగటున 540 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన దేశంలో జరిగిన కొన్ని సర్వేల్లో సగటు ఇంతకన్నా తక్కువగా తేలింది. 520 మైక్రాన్ల కార్నియానే తీసుకుందాం. లాసిక్‌లో తెరిచే పొర మందం సుమారు 110 మైక్రాన్లు. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో డయాప్టరుకు దాదాపు 14 మైక్రాన్ల కణజాలం పోతుంది. నాలుగు డయాప్టర్ల సైటు ఉన్న వ్యక్తికి 56 మైక్రాన్లు తరుగుతాయి. పొర కింద 354 మైక్రాన్ల గట్టి పునాది మిగులుతుంది. ఇబ్బంది లేదు.

అదే కంటికి 11 డయాప్టర్లు ఉంటే 154 మైక్రాన్లు పోయి, పునాది 256కు దిగుతుంది. 250 కన్నా తగ్గరాదన్నది చిరకాలంగా పాటిస్తున్న హద్దు. పొర, చెక్కిన భాగం కలిపి మొత్తం మందంలో 40 శాతం దాటితే కార్నియా బలహీనపడే అవకాశం పెరుగుతుందని ఇటీవలి పరిశోధనలు హెచ్చరించడంతో పలువురు సర్జన్లు మరింత జాగ్రత్త వహిస్తున్నారు. ఈ రెండో హద్దును 7.5 డయాప్టర్ల కంటికి అన్వయిస్తే 110కి 105 కలిపి 215 మైక్రాన్లు అవుతుంది. 520లో అది 41 శాతం. హద్దు అక్కడే దాటిపోయింది.

బీమా నిబంధనలోని అంకె కూడా ఇదే. 7.5 డయాప్టర్ల లోపు వారికి కార్నియా అనుమతిస్తుంది, పాలసీ అనుమతించదు. అంతకు మించిన వారికి పాలసీ అనుమతిస్తుంది, కార్నియా తరచు అనుమతించదు. అటువంటివారికి కన్ను లోపల అమర్చే ప్రత్యేక కటకం ఒక్కటే మార్గంగా మిగలవచ్చు. అది లేజర్ కన్నా ఖరీదైనది. కంటి లోపలి భాగాన్ని తెరవవలసిన శస్త్రచికిత్స కూడా. స్వల్ప సైటుకు చేసే లేజర్‌ను అలంకార చికిత్సగా భావించి బీమా రంగం దూరంగా ఉంచడంలో అర్థం లేకపోలేదు. కళ్లజోడుతో తీరే సమస్యకు అందరి ప్రీమియంల నుంచి డబ్బు ఇవ్వనవసరం లేదన్న వాదన సమంజసమే. కానీ కార్నియా మందం, వంపు, వృత్తి అవసరం వంటి వేటినీ పట్టించుకోకుండా ఒకే అంకెపై గీత గీయడం పాలనా సౌలభ్యం కోసం జరిగిన పనే తప్ప వైద్యపరమైన విచక్షణ కాదు.

సైన్యం ఈ విషయంలో కొంత మెరుగు. చికిత్స 20 ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి. ఆ తర్వాత కనీసం 12 నెలలు గడవాలి. కార్నియా మందం 450 మైక్రాన్లకు తగ్గరాదు. మిగిలిన సైటు ఒక డయాప్టరు దాటరాదు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది, కంటి పొడవు 26 మిల్లీమీటర్లకు మించరాదన్న షరతు. హ్రస్వదృష్టి గలవారి కంటిగుడ్డు వెనుకకు సాగి ఉంటుంది. లోపలి రెటీనా పలుచబడి, చిరగడానికి, ఊడిపోవడానికి అవకాశం ఎక్కువ. లేజర్ మార్చేది ముందున్న కార్నియాను మాత్రమే. వెనుక సాగిన గుడ్డు సాగినట్లే ఉంటుంది. అద్దాలు తీసేశాక రోగి తన కన్ను బాగుపడిందనుకుని ఏటేటా రెటీనా పరీక్ష మానేయడం వైద్యులు తరచు ప్రస్తావించే ప్రమాదం. సైనిక వైద్యులు పొడవును కొలవడంలోని ఆంతర్యం అదే. కాగా, 20 ఏళ్ల నిబంధన కారణంగా ఇంటర్మీడియట్ తర్వాత ఎన్‌డిఏ పరీక్ష రాసే విద్యార్థికి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్లే. పద్దెనిమిదేళ్ల పిల్లలను లేజర్ కేంద్రాలకు తీసుకెళ్లే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించవలసి ఉంది. ఆ వయసులో సైటు ఇంకా పెరుగుతూ ఉండవచ్చు కూడా.

రైల్వేల వాదనను తోసిపుచ్చడం తేలిక కాదు. చీకట్లో దూరపు సిగ్నల్‌ను, ఎదురుగా వచ్చే ఇంజను హెడ్‌లైటు వెలుగులో పట్టాలను చూడవలసిన వ్యక్తి కంటిలో వెలుగు చుట్టూ వలయాలు ఏర్పడితే ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు. ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆ దేశ నేత్ర పరిశోధన సంస్థ, రక్షణశాఖ కలిసి జరిపిన రెండు అధ్యయనాల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అంతకుముందు ఎటువంటి దృష్టి లక్షణాలూ లేనివారిలో 43 శాతం మంది ఒక అధ్యయనంలో, 46 శాతం మంది మరొక దానిలో, చికిత్స జరిగిన మూడు నెలలకు ఏదో ఒక కొత్త లక్షణాన్ని పేర్కొన్నారు. వెలుగు చుట్టూ వలయాలు, మెరుపు, నీడలు వంటివి వీటిలో ఉన్నాయి. కన్ను పొడిబారడం అంతకుముందు లేనివారిలో సుమారు 28 శాతం మందికి అది కొత్తగా వచ్చింది. అయినా 95 శాతానికి పైగా తమ చూపుతో తృప్తి చెందారు. దైనందిన పనులకు తీవ్రంగా ఇబ్బంది పడినవారు ఒక్క శాతం లోపే. లాసిక్‌ను సమర్థించేవారు తృప్తి శాతాన్ని, వ్యతిరేకించేవారు లక్షణాల శాతాన్ని ఉటంకిస్తుంటారు. రెండూ ఒకే పత్రంలోనివి.

అదే అమెరికాలో అంతరిక్ష సంస్థ నాసా 2007 నుంచి లేజర్ చికిత్స పొందిన వ్యోమగాములను అనుమతిస్తోంది. రోదసికి పనికివచ్చే కన్ను రైలింజనుకు ఎందుకు పనికిరాదన్న ప్రశ్న సహజమే. లక్షలాది దరఖాస్తుదారుల్లో ఒక్కొక్కరి కంటి పొడవు, మందం, రాత్రి దృష్టి కొలవడం కన్నా ఒక్క వాక్యంతో అందరినీ పక్కన పెట్టడం రైల్వేలకు సులభం. సైన్యం చేయగలిగిన కొలత రైల్వే ఆసుపత్రులు చేయలేనిదేమీ కాదు.

ప్రకటన, అంగీకారం

ధర గురించి కూడా చెప్పుకోవాలి. రెండు కళ్లకు లాసిక్ కొన్ని పదుల వేల రూపాయలతో మొదలై, స్మైల్ వంటి పద్ధతుల్లో లక్ష దాకా, కొన్నిచోట్ల దాన్ని దాటి పోతుంది. యంత్రాలు ప్రధానంగా జర్మనీ, అమెరికా, జపాన్‌ల నుంచి రావడం ఇందుకు ఒక కారణం. శుక్లాల చికిత్సలో చరిత్ర వేరుగా నడిచింది. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మదురైలో స్థాపించిన అరవింద్ ఆసుపత్రి, 1992లో ఆరోలాబ్ అనే సొంత కర్మాగారంలో కంటి కటకాల తయారీ ఆరంభించింది. దిగుమతి కటకాల ధరలో చిన్న భాగానికే అవి లభ్యమయ్యాయి. పేదవాడికి కూడా కటకం అమర్చడం సాధ్యమైంది. నేపాల్‌లో సందుక్ రూయిట్ స్థాపించిన తిల్‌గంగ కేంద్రం కూడా అదే బాట పట్టింది. లేజర్ విషయంలో దక్షిణాసియాలో ఆ ఒరవడి రాలేదు. ఈ పరిశ్రమ తొలినాళ్ల నుంచే పేటెంట్లపై, ఒక్కో చికిత్సకు ఇంత అన్న రుసుముపై నిలబడింది. అమెరికాలో సమ్మిట్, విజెక్స్ కంపెనీలు తమ పేటెంట్లను ఒకేచోట చేర్చి, ప్రతి చికిత్సకూ 250 డాలర్ల రుసుము వసూలు చేయడంపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1998లో అభియోగం మోపవలసి వచ్చింది.

అంత పెట్టుబడి పెట్టిన ఆసుపత్రికి రోజుకు ఇన్ని కళ్లు కావాలన్న ఒత్తిడి ఉంటుందని వేరే చెప్పనక్కర లేదు. పండుగ రాయితీలు, స్నేహితుణ్ణి తీసుకొస్తే తగ్గింపు వంటి ప్రకటనలు అందువల్లే. రోగులను ఆకర్షించే ప్రకటనలు వైద్యులు చేయరాదని 2002 నాటి వృత్తి నియమావళి నిషేధిస్తోంది. దాని స్థానే జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలు మూడు వారాలకే నిలుపుదలకు గురికావడంతో పాతవే కొనసాగాయి. ఆ నియమావళి వైద్యుడిని కట్టడి చేస్తుంది. ప్రకటన ఇచ్చేది మాత్రం ఆసుపత్రి నడిపే కంపెనీ. ఈ సందులోనే వ్యాపారం సాగుతోంది. కళ్లజోడు అవసరం లేకుండా చేస్తామన్న మాట ఎంత గిరాకీ గలదో 2024 సెప్టెంబరులో చత్వారానికి వాడే కంటి చుక్కల ఉదంతం చూపింది. అనుమతి పొందినదానికి మించి ప్రచారం జరిగిందన్న కారణంగా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆ అనుమతినే నిలిపివేసింది.

రోగికి న్యాయపరంగా ఉన్న అండ తక్కువేమీ కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో శాంత కేసులో స్పష్టం చేసింది. చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు వివరించాకే తీసుకున్న అంగీకారం చెల్లుతుందని 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. లేజర్ విషయంలో ఈ తీర్పుకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. జబ్బుపడినవాడు చికిత్సను నిరాకరిస్తే జబ్బు ముదురుతుంది. లేజర్‌ను నిరాకరించినవాడికి కళ్లజోడు ఉంటుంది, అంతే. కాబట్టి ఇక్కడ ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పడానికి వైద్యపరమైన సాకు ఏదీ లేదు. ముఖ్యంగా నలభై దాటాక చత్వారం రాక తప్పదని, చదవడానికి మళ్లీ అద్దాలు కావలసి వస్తుందని తేట తెలుగులో చెప్పాలి. కార్నియా శంఖువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ వ్యాధి తొలి దశలో ఉన్న కంటికి లేజర్ చేస్తే చూపే దెబ్బతింటుంది. కార్నియా ఉపరితల పటాన్ని తీసే టొపోగ్రఫీ పరీక్ష ఆ ప్రమాదాన్ని చాలావరకు ముందే పట్టిస్తుంది. ఆ పరీక్ష ఫలితం చూసి వైద్యుడు వద్దంటే, వెంటనే మరో ఆసుపత్రికి పరుగెత్తకుండా ఆ మాట వినడం మేలు. వద్దని చెప్పి రోగిని, రాబడిని వదులుకున్న వైద్యుడికి అందులో లాభం లేదు కదా.

ఆడపిల్లల తల్లిదండ్రులను పెళ్లిచూపుల వేళ లేజర్ కేంద్రానికి నడిపించే ఒత్తిడికి కొలతలు లేవు. కళ్లజోడును లోపంగా చూసే సమాజం, దాన్ని దాచిపెట్టే చికిత్సకు తానే గిరాకీ కల్పిస్తోంది.

అద్దాలు అందనివారు

ఈ చర్చంతా కళ్లజోడు కొనగలిగి, దాన్ని వద్దనుకునే వారి గురించి. దేశంలో దృష్టిదోషానికి సంబంధించిన పెద్ద సమస్య మరోచోట ఉంది. చలనచిత్ర ప్రముఖుడు ఎల్.వి. ప్రసాద్ చేయూతతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నెలకొల్పిన నేత్ర వైద్య సంస్థ, 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృత సర్వే జరిపింది. జనాభాలో 1.84 శాతం మంది అంధులని తేలగా, అందులో 44 శాతానికి శుక్లాలు, 16.3 శాతానికి కేవలం దృష్టిదోషం కారణమని వెల్లడైంది. అంటే అంధులుగా లెక్కకెక్కిన ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరికి కావలసింది లేజర్ కాదు, శస్త్రచికిత్స కూడా కాదు. తగిన కళ్లజోడు. అప్పట్లో ప్రపంచ బ్యాంకు సహాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో సాగుతున్న అంధత్వ నివారణ పథకం శుక్లాల చుట్టూనే తిరుగుతుండేది.

కళ్లజోడు ఆర్థిక విలువ ఎంతన్నది 2018లో వెలువడిన అస్సాం తేయాకు తోటల ప్రయోగ ఫలితాలు నిరూపించాయి. నలభై దాటి చత్వారం వచ్చిన 751 మంది కార్మికుల్లో ఒక బృందానికి చవకైన దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు. అద్దాలు లేనివారితో పోలిస్తే వారు కోసిన ఆకు పరిమాణం దాదాపు 21.7 శాతం అధికంగా పెరిగింది. ఎరువుతోనో, యంత్రంతోనో అంత పెరుగుదల సాధించాలంటే తోట యజమాని ఎంత వెచ్చించవలసి వచ్చేదో ఊహించుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ఆరంభించిన కంటి వెలుగు మొదటి విడతలో కోటిన్నరకు పైగా ప్రజలకు కంటి పరీక్షలు జరిగాయి. 2023 జనవరిలో రెండో విడత మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పేరుతో 2019 అక్టోబరులో పథకం వచ్చింది. ఈ పథకాలకు రాజకీయ ప్రచారం తోడైందన్న విమర్శ ఉన్నా, ఊరి బడిలోనో పంచాయతీ కార్యాలయంలోనో కూర్చోబెట్టి అద్దాలు చేతికివ్వడం చిన్న విషయం కాదు. లోపమల్లా, విడతకూ విడతకూ మధ్య ఏళ్ల తరబడి విరామం. అద్దాలు గీతలు పడతాయి, కాడలు విరుగుతాయి, సైటు మారుతుంది. ఎన్నికల పంచాంగాన్ని బట్టి కన్ను నడుచుకోదు. వస్తు సేవల పన్ను శ్లాబుల మార్పులో భాగంగా 2025 సెప్టెంబరు 22 నుంచి దృష్టిదోష నివారణ కళ్లద్దాలు 5 శాతం పరిధిలోకి రావడం మాత్రం స్వాగతించదగిన చర్య.

మరోవైపు సైటు ఉన్న పిల్లల సంఖ్య పెరుగుతోంది. శతాబ్దం ఆరంభంలో జరిగిన సర్వేల్లో మహబూబ్‌నగర్ గ్రామాల పిల్లల్లో 4.1 శాతానికి, ఢిల్లీ నగర పిల్లల్లో 7.4 శాతానికి హ్రస్వదృష్టి కనిపించింది. 2015లో ఢిల్లీ పాఠశాలల్లో జరిగిన మరో అధ్యయనంలో అది 13.1 శాతం. వయసు, కొలత పద్ధతుల్లో తేడాలున్నా ధోరణి ఎటో తెలుస్తూనే ఉంది. ఆరుబయట పగటి వెలుగులో గడిపే సమయం పెరిగితే హ్రస్వదృష్టి మొదలవడం తగ్గుతుందని తూర్పు ఆసియా దేశాల అనుభవం చెబుతోంది. ఆటస్థలం లేని కార్పొరేట్ పాఠశాలలకు గుర్తింపు ఇచ్చే విద్యాశాఖకు, పదేళ్ల తర్వాత లేజర్ కేంద్రాల్లో కనిపించే రద్దీకి మధ్య సంబంధం ఉన్నదన్నమాట.

ఇదిలా ఉండగా, 1990లలో తొలి తరంగా లేజర్ చేయించుకున్నవారు ఇప్పుడు శుక్లాల వయసుకు చేరుకుంటున్నారు. శుక్లం తీసి అమర్చే కటకానికి పవర్ లెక్కించడం వారి విషయంలో క్లిష్టమైన పని. కార్నియా వంపు మారిపోయినందున మామూలు సూత్రాలు తప్పు లెక్క ఇస్తాయి. కంటి పీడనం కూడా ఉన్నదానికన్నా తక్కువగా నమోదై, నీటికాసుల వ్యాధి గుర్తింపు ఆలస్యం కావచ్చు. కొత్త సూత్రాలు ఈ చిక్కును చాలావరకు తగ్గించినా, లేజర్‌కు ముందు కంటి కొలతలు ఎంత, ఎన్ని మైక్రాన్లు తీశారు అన్న పాత కాగితం ఎదుట ఉంటే వైద్యుడి పని సులువవుతుంది. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని 2002 నియమావళి చెబుతోంది. లేజర్ రోగి ఆసుపత్రిలో చేరడు, అదే పూట ఇంటికి వెళ్తాడు. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ప్రతి పౌరుడి వైద్య పత్రాలనూ దాచుకునే ఏర్పాటు ఉంది. అందులో చేరడం రోగికీ, ఆసుపత్రికీ ఐచ్ఛికమే. లేజర్ చేసిన ప్రతి కంటి కొలతల పత్రాన్ని రోగి చేతికి విధిగా ఇవ్వాలన్న ఒక్క నిబంధనకు ఖర్చు ఒక కాగితమే. అప్పటిదాకా చికిత్స చేయించుకునేవారు బిల్లుతో పాటు ఆ పత్రాన్ని కూడా అడిగి తీసుకుని, ఇంటి దస్తావేజుల పక్కన ముప్పై ఏళ్లు దాచుకోవలసి ఉంటుంది.